జేబులో బ్సీసా

"బ్సీసాని జేబులో వేసుకుని ఊరేగేవాళ్ళని నా బతుకులో చూడలేదు," అంటూ షెద్లియా ఆలివ్ నూనె సీసాని తన వైపుకు లాక్కుంది. "గిన్నెలో వేసుకుని, నూనె పోసుకుని, కుదురుగా కూర్చుని చెంచాతో తింటారు. మనుషులు తినే పద్ధతి అదీ."

"సైకిలు మీద గిన్నె ఎక్కడ పెట్టుకోను ఉమ్మీ? నెత్తి మీదా?" కోడలు దలందా సీసాని మళ్ళీ ఇవతలికి లాగింది.

"దిగి తిను."

"దిగితే కాళ్ళు బిగుసుకుపోతాయి."

"అయితే వెళ్ళకు. ఎవరు వెళ్ళమన్నారు?"

ఈ గొడవ ఆదివారం మొదలైంది. ఇవాళ గురువారం. మధ్యలో వంటలయ్యాయి, బట్టలుతకడాలయ్యాయి, దలందా రోజూ ఫ్యాక్టరీకి వెళ్ళి వచ్చింది. కానీ అత్తాకోడళ్ళు వంటగదిలో ఎదురుపడగానే మాట ఎక్కడ తెగిందో అక్కడే మళ్ళీ అతుక్కునేది. పొయ్యి పక్కన పళ్ళెం నిండా బ్సీసా పిండి ఉంది. బార్లీ, శనగలు, మెంతులు, సోంపు దోరగా వేయించి, షెద్లియా దగ్గరుండి మర పట్టించిన పిండి. ఇంత కమ్మని బ్సీసా మహదియాలో ఇంకో ఇంట్లో దొరకదని ఆమె నమ్మకం. దాన్ని ముద్దలు చేసి చెమట పట్టిన వీపు మీద మోసుకెళ్ళడమనేది ఆమెకు ఎంతకీ మింగుడు పడటం లేదు.

గుమ్మంలో నిలబడి ఖర్జూరం నములుతున్న సివార్‌కి ఇదంతా వినోదంగా ఉంది. దలందా కూతురు, పంతొమ్మిదేళ్ళ పిల్ల, నర్సింగు చదువుతోంది. "నానమ్మా, అమ్మ సైకిలుకి ఒక బల్లా నాలుగు కుర్చీలూ కట్టిద్దామా? నువ్వు కూడా వెళ్ళి కూర్చుని తినొచ్చు."

"నువ్వు నోరు మూసుకుని ఆ గింజ బుట్టలో వెయ్యి."

అప్పుడే బషీర్ లోపలికొచ్చాడు. చేపల వ్యాను నడుపుతాడు. ఎంత సబ్బు రుద్దుకున్నా వేళ్ళ సందుల్లోంచి ఆ వాసన పోదు. "జేబులూ వద్దు, గిన్నెలూ వద్దు," అన్నాడు. "వ్యాను వెనకాలే వస్తుందని చెప్పాను కదా. తిండి వ్యాన్లో ఉంటుంది. నువ్వు అలిసిపోతే సైకిలు కూడా వ్యాన్లోకే వస్తుంది. మాట అయిపోయింది."

"అయిపోలేదు," అంది దలందా.

ఏటా ప్రవక్త పుట్టినరోజు మౌలిద్ పండక్కి దలందా కైరువాన్‌లో ఉన్న అక్క నెఫీసా ఇంటికి వెళ్తుంది. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. పెళ్ళయిన నాటి నుంచీ ఆ దారంతా వ్యాను ముందు సీట్లో, అత్తకీ గేరు కర్రకీ మధ్య ఇరుక్కునే వెళ్ళింది. అక్క ఇంటి ముందు దిగగానే ఎదురింటి ముసలావిడ గడపలోంచే కేకేస్తుంది: "వచ్చావా బషీరూ! మా పిల్లని తెచ్చావా?" బషీర్ ఒక చేత్తో చేపల బుట్ట పైకెత్తి చూపించి, రెండో చేత్తో దలందాని చూపిస్తాడు. అందరూ నవ్వుతారు. దలందా కూడా నవ్వేది. బషీర్ వచ్చాడు, చేపల్నీ పెళ్ళాన్నీ తెచ్చాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడ "వచ్చావా దలందా" అనలేదు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఉన్న సంగతే కదా. ఉన్న సంగతి కాబట్టే అది దలందా మనసులో చేప ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఈ ఏడు తన కాళ్ళతో తను వెళ్ళి ఆ గుమ్మం ముందు దిగాలి. వెనకాల వ్యాను ఉంటే మళ్ళీ తెచ్చినట్టే అవుతుంది.

ఆమె కాళ్ళు సామాన్యమైనవేం కావు. ఊరి బయట కుట్టు ఫ్యాక్టరీకి ఆడవాళ్ళని తీసుకెళ్ళే మినీబస్సు ఆగిపోయిన ఏడు, మిగిలినవాళ్ళు కొందరు పని మానేస్తే, దలందా పాత సైకిలు కొనుక్కుంది. అప్పట్నుంచీ ఎండనీ వాననీ చూడకుండా తొక్కుతూనే ఉంది. ఇప్పుడు ఈ దూరం కోసం తన మిషను మీద తనే ఒక పొడుగు చొక్కా కుట్టుకుంది. నడుం వెనకాల మూడు జేబులు, చెయ్యి వెనక్కి పెడితే అందేలా, వంగినా జారిపోకుండా పైన ఎలాస్టిక్. సీటుకి గొర్రెతోలు ముక్క తొడిగి కుట్టింది. ఆ జేబుల కుట్టు చూసి ఫ్యాక్టరీ మేస్త్రీ కూడా, "దీన్ని ఎక్కడ చూసి కుట్టావు?" అని అడిగాడు. "నా వీపు మీద చూసి," అంది దలందా. ఆ జవాబు తలుచుకుని ఆ రోజంతా తనలో తనే నవ్వుకుంది.

అయినా ముందుగా సాధన కోసం బయల్దేరి రెండుసార్లు ఓడిపోయింది.

మొదటిసారి కైరువాన్ దారిలోనే ఉన్న ఎల్ జెమ్ దాకా వెళ్ళింది. అక్కడ ఆడపడుచు మొన్జియా ఇల్లుంది. దారిలో ఎక్కడ ఆగి తినాలన్న బెంగ ఎందుకు, వదిన ఇంట్లో ఇంత రొట్టె తిని వెనక్కి రావచ్చు అనుకుంది. వదిన రొట్టె పెట్టలేదు. ముందు గుడ్డు పోసి వేయించిన బ్రీక్ పెట్టింది, తరవాత కాల్చిన మిరపకాయల సలాడు, ఆ తరవాత గొర్రెమాంసం పరిచిన కుస్కుస్. "వద్దు వదినా" అన్న ప్రతిసారీ మొన్జియా మొహం చిన్నబుచ్చుకుని ఇంకో గరిటె వడ్డించింది. ఆడపడుచు ఇంట్లో పళ్ళెంలో మిగల్చడం ఎలాంటిదో పెళ్ళయిన ఏ ఆడదానికీ వేరే చెప్పక్కర్లేదు. దలందా అంతా తింది. తిని సోఫా మీద అట్లాగే ఒరిగిపోయింది. సాయంత్రం బషీర్ వచ్చి ఆమెని ముందు సీట్లో, సైకిల్ని వెనకాల చేపల పెట్టెల మధ్య వేసుకుని ఇంటికి తెచ్చాడు. వారం దాకా సైకిలుకి పిల్లులు కాపలా కాశాయి.

రెండోసారి చుట్టాలెవరూ లేని దారి చూసుకుని, సముద్రం ఒడ్డున షెబ్బా వైపు వెళ్ళింది. జేబుల నిండా తిండి పెట్టుకుంది. వెళ్ళేటప్పుడు ఎగురుకుంటూ వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో చేతులు వణికాయి, కళ్ళ ముందు నల్లటి చుక్కలు ఆడాయి, ఎక్కడాలేని ఏడుపొచ్చింది. మిగిలిన దారి సైకిల్ని నడిపించుకుంటూ ఇంటికి చేరింది. కాళ్ళు చాల్లేదని ఇంట్లో అందరూ అనుకున్నారు. దలందా కాదనలేదు.

"పోయిన ఆదివారం ఏమైందో చూశాంగా," అన్నాడు బషీర్ ఇప్పుడు, గ్లాసులో నీళ్ళు పోసుకుంటూ. "కైరువాన్ అంతకి రెండింతలు. కాళ్ళు మాట వినవు దలందా, మన వయసు అదీ."

"కాళ్ళు కాదు నాన్నా," అంది సివార్. "అమ్మ తినలేదు."

"సివార్!" అంది దలందా.

"చెప్పనీ అమ్మా. ఆ రోజు చొక్కా ఉతకడానికి తీసింది నేనే. మూడు జేబుల్లో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఖర్జూరాలు, మక్రూద్ మిఠాయిలు, ఉడికించిన గుడ్లు. ఒక్కటి కూడా ముట్టుకోలేదు. పొద్దుట్నుంచీ ఉత్త నీళ్ళ మీద తొక్కింది. అట్లా తొక్కితే నాన్న వ్యాను కూడా ఆగిపోతుంది."

 బషీర్ గ్లాసు కింద పెట్టి, వ్యాను కడగాలంటూ బయటికి వెళ్ళిపోయాడు.

"నిజమేనా?" అంది షెద్లియా.

దలందా పళ్ళెంలో పిండిని వేలితో అటూ ఇటూ జరిపింది. "ఎక్కడ తినను ఉమ్మీ? ఒక చోట ఆగితే కాఫీ కొట్టు ముందు మగవాళ్ళు. ఇంకో చోట బడిపిల్లలు. ఎవరూ లేరనుకుని గుడ్డు తీశాను, గొర్రెల్ని తోలుకుంటూ ఒకావిడ వచ్చింది. నడిరోడ్డు మీద నోరాడించే ఆడదాన్ని మా అమ్మ ఏమనేదో నీకు తెలుసు. ఫ్యాక్టరీలో ఎంతమంది ముందైనా మాట్లాడగలను. రోడ్డు మీద మాత్రం నోరు తెరుచుకోలేదు."

షెద్లియా కోడలి మొహంలోకి చూసింది. ఆ తరవాత ఆమె భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తోందేమోనని సివార్ దగ్గరికి వచ్చింది. ముసలావిడ నవ్వుతోంది.

"మీ అమ్మ!" అంది కళ్ళు తుడుచుకుంటూ. "మీ అమ్మా నేనూ మా అమ్మా ఊళ్ళో ఆడవాళ్ళంతా ఒళ్ళంతా ఆ సఫ్సారీ దుప్పటి ఎందుకు కప్పుకునేవాళ్ళం అనుకున్నావు? కొంగు పళ్ళతో పట్టుకుని నడిచేవాళ్ళం. చూసేవాళ్ళు ఎంత సిగ్గో అనుకునేవాళ్ళు. ఆ చాటున ఒక్కొక్కత్తీ ఇంత తినేది. ఆలివ్ కాయలు ఏరడానికి తెల్లారకుండానే పోయేదాన్ని, సివార్ తాత కడుపున పడ్డప్పుడు... ఛ, ఛ, సివార్ నాన్న కడుపున పడ్డప్పుడు. తినకపోతే తోట దాకా నడవగలిగేదాన్నా?"

"మరి చెంచాతో, కూర్చుని, కుదురుగా అన్నావు?" అంది సివార్.

"ఇంట్లో చెంచా. దారిలో దారి పద్ధతి. నీకెందుకు, పో, ఆ ఖర్జూరాలు గింజలు తీసి పట్రా."

నూనె సీసా ఎవరి చేతిలో ఉందో ఇద్దరూ మర్చిపోయారు. షెద్లియా ఖర్జూరాలు మెదిపి, పిండిలో కలిపి, నూనె బొట్లు బొట్లుగా వేస్తూ పిసికింది. చిటికెడు ఉప్పు వెయ్యమని సివార్ చెప్పింది. చెమటలో ఉప్పు పోతుందని. షెద్లియా గొణుక్కుంటూ వేసింది. దలందా కోడిగుడ్డంత ఉండ చుడితే, అత్త దాన్ని లాక్కుని నాలుగు చేసింది.

"చిన్నగా చుట్టు. ఒక్క గుటకలో లోపలికి పోవాలి. నమలకూడదు, కరిగిపోవాలి. దవడ కదలకపోతే ఎవడికి తెలుస్తుంది?"

"ఆకలి వెయ్యకముందే తినాలమ్మా," అంది సివార్. "ఆకలేశాక తింటే అప్పటికే ఆలస్యం. దాహం కూడా అంతే."

"విన్నావా, నర్సమ్మ చెప్పింది," అంది షెద్లియా. కానీ ఉండలు చుట్టడం ఆపలేదు.

ఆదివారం పొద్దున్నే, సముద్రం మీద వెలుగు వస్తుండగా దలందా బయల్దేరింది. పండగ ప్రయాణానికి ముందు ఇంకో సాధన, మళ్ళీ ఎల్ జెమ్ దారే. ఓడిన చోటికే వెళ్ళాలని ఆమె పట్టుదల. తల గుడ్డ అంచు ఒకటి వదులుగా భుజం మీద వేసుకుంది. క్సూర్ ఎస్సాఫ్ ఊరు దాటగానే, ఆకలి లేకపోయినా, చెయ్యి వెనక్కి పెట్టి మొదటి ఉండ తీసింది. గుడ్డ అంచు పళ్ళతో పట్టుకుంది. ఆ చాటున ఉండ నోట్లోకి పోయింది. మెంతుల చేదు, ఖర్జూరం తీపి, నూనె ఘాటు నాలుక మీద కరిగాయి. ఎదురుగా ట్రాక్టరు మీద వస్తున్న మనిషి తలూపి వెళ్ళిపోయాడు. ఆకాశం విరిగి మీద పడలేదు.

రెండో ఉండ కూడా చాటుగానే తింది. మూడో ఉండ దగ్గర గుడ్డ గాలికి జారిపోయింది. దాన్ని సర్దుకోవడానికి హ్యాండిల్ వదలాలి, అక్కడ రోడ్డు ఎగుడుదిగుడుగా ఉంది. దలందా గుడ్డని వదిలేసింది, ఉండని వదల్లేదు. నాలుగో ఉండకి చాటు సంగతే గుర్తు రాలేదు. రెండు వైపులా ఆలివ్ తోటలు వరసగా వెనక్కి పోతున్నాయి. మొదటిసారి ఈ దారిలో ఇక్కడికి వచ్చేసరికే మోకాళ్ళు గుంజాయి. ఇప్పుడు కాళ్ళలోకి ఎక్కడినుంచో సత్తువ వచ్చి చేరుతోంది. ఎక్కడినుంచో ఏమిటి, తన వీపు మీది జేబుల్లోంచే. తను కుట్టిన జేబులు, తను చుట్టిన ఉండలు. దలందా గట్టిగా పాడాలనుకుంది, ఊపిరి పొదుపు చేసుకోవాలని ఊరుకుంది.

ఎల్ జెమ్‌లో పాత రోమను కట్టడం గోడలు కనబడ్డాయి. మొన్జియా తన గుమ్మం ముందు వీధిలోనే నిలబడి ఉంది, నడుం మీద చేతులు పెట్టుకుని. ఆమె ఇంటికి ఎదురుగా కాఫీ కొట్టు, కొట్టు ముందు ఆదివారం మగవాళ్ళు కుర్చీలన్నీ నింపేశారు.

"దిగు," అంది మొన్జియా. "పొద్దుట్నుంచీ మాంసం ఉడుకుతోంది."

దలందా ఒక కాలు నేల మీద ఆనించింది. రెండో కాలు పెడల్ మీదే ఉంచింది. "దిగను వదినా."

"నా గడప తొక్కవా? నేనేం చేశాను నీకు?"

"నువ్వేం చెయ్యలేదు. నీ కుస్కుస్ చేసింది. పోయినసారి నన్ను పీనుగులా మోసుకుపోయారు."

కొట్టు ముందు ఎవరో పకాలున నవ్వారు. మొన్జియా మొహం ఎర్రబడింది. ఇంటికొచ్చిన మనిషి తినకుండా వెళ్ళిపోతే వీధిలో మళ్ళీ తలెత్తుకోవడం ఎట్లా అని ఆమె బాధ. దలందాకి ఆ బాధ తెలుసు. వెనక జేబులోంచి రెండు ఉండలు తీసింది. ఒకటి వదిన చేతిలో పెట్టింది.

"నీ గుమ్మం ముందే తింటాను. నువ్వు కూడా తిను. ఇద్దరం కలిసి తిన్నట్టే."

"నడివీధిలోనా?"

"నడివీధిలోనే."

అంది, అందరూ చూస్తుండగా ఉండని నోట్లో వేసుకుని నింపాదిగా నమిలింది. అత్త చెప్పినట్టు కరగనివ్వలేదు. దవడలు ఆడించి మరీ నమిలింది. మొన్జియా అటూ ఇటూ చూసి, గబుక్కున తనది నోట్లో వేసుకుంది. వేసుకోగానే ఆగిపోయింది.

"ఇది మా అమ్మ బ్సీసా."

"అవును."

"మా అమ్మ దీన్ని ఉండలు చుట్టిందా? చెంచా లేకుండా?"

"తన చేత్తోనే."

మొన్జియా లోపలికి వెళ్ళి చల్లటి నీళ్ళు తెచ్చి, దలందా సీసా తనే నింపింది. నింపుతూ, "ఇంకోటుందా?" అని మెల్లగా అడిగింది.

అప్పుడు కాఫీ కొట్టు వైపు నుంచి ఒక గొంతు వినబడింది: "ఎవరయ్యా ఆ ఆడమనిషి, వీధిలో నిలబడి తింటోంది?"

"నా భార్య," అంది ఇంకో గొంతు. "మహదియా నుంచి వచ్చింది. తొక్కుకుంటూ వచ్చింది. మళ్ళీ తొక్కుకుంటూ వెళ్తుంది, చూస్తూ ఉండు."

దలందా తల తిప్పింది. కొట్టు మూలగా, చేతిలో కాఫీ కప్పుతో బషీర్ కూర్చుని ఉన్నాడు. పక్క సందులోంచి వ్యాను ముక్కు కాస్త కనబడుతోంది. అతని కాళ్ళ దగ్గర సైకిలు కట్టే తాడు చుట్ట ఉంది. బషీర్ కాలితో దాన్ని కుర్చీ కిందికి నెట్టాడు.

"ఇక్కడేం చేస్తున్నావు?" అంది దలందా.

"కాఫీ తాగుతున్నాను."

"మహదియాలో కాఫీ అయిపోయిందా?"

ఈసారి కుర్చీలన్నీ నవ్వాయి. బషీర్ కూడా నవ్వాడు. అతని చెవులు ఎర్రగా ఉన్నాయి, కానీ గడ్డం పైకెత్తి కూర్చున్నాడు. పెద్ద చేప పడ్డ రోజు రేవులో ఎట్లా కూర్చుంటాడో అట్లా. వచ్చింది, అన్నాడు. ఆ మాట అన్నానని అతనికి తెలుసో లేదో. దలందా సైకిలు తిప్పింది.

తిరుగుదారిలో సముద్రం గాలి ఎదురు కొట్టింది. అదే అసలు పరీక్ష. తల వంచుకుని, సివార్ చెప్పినట్టు దాహం వెయ్యకముందే తాగుతూ, ఆకలి వెయ్యకముందే తింటూ తొక్కింది. తొడలు మండాయి, కానీ వణకలేదు. ఒక మలుపు దగ్గర వెనక నుంచి తెలిసిన ఇంజను చప్పుడు వచ్చింది. వ్యాను పక్కకొచ్చింది. ఆగుతుందేమోనని దలందా పళ్ళు బిగించింది. అది ఆగలేదు, నెమ్మదించనూ లేదు. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, ఒక్కసారి ఊగి, లోపలికి పోయింది. వ్యాను ముందుకు వెళ్ళిపోయింది. దలందా పెదాల మీది ఉప్పు నాక్కుని నవ్వింది.

ఇంటి ముందు షెద్లియా పీట వేసుకుని కూర్చుని ఉంది. "తిన్నావా?" అనేది ఆమె మొదటి మాట. జవాబు వినకుండా కోడల్ని వెనక్కి తిప్పి మూడు జేబుల్లోనూ చెయ్యి పెట్టి వెతికింది. పిండి రవ్వలు తప్ప ఏమీ దొరకలేదు. ఆమె మొహం వెలిగిపోయింది. గోడ అవతల బట్టలారేస్తున్న పొరుగావిడకి వినబడేలా, "మా కోడలు ఎల్ జెమ్ వెళ్ళి తిరిగొచ్చింది, సైకిలు మీద! నా బ్సీసా తిని!" అని కేకేసింది. అందులో కోడలి వాటా ఎంతో, బ్సీసా వాటా ఎంతో పొరుగావిడ తేల్చుకోవాల్సిందే.

సాయంత్రం అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. వేయించిన చేపలు, హరీసా కారం, రొట్టె. మొన్జియా ఫోన్లో ఉంది. సివార్ ఫోన్ని ఉప్పుగిన్నెకి ఆనించి నిలబెట్టింది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

"కైరువాన్ వెళ్ళే రోజు వ్యాను మరీ దగ్గరగా వద్దులే," అన్నాడు బషీర్, చేప ముల్లు తీస్తూ. "కాస్త దూరంగా, వెనకాల..."

"కాస్త అంటే ఎంత?" అంది సివార్. "తాడు పొడుగంతా?"

"కనబడనంత దూరం," అంది షెద్లియా. "కానీ నేను వ్యాన్లో ఉండాలి. ఉండలు అయిపోతే?"

"అయిపోతే మా ఇంటి ముందు ఆగమనండి!" అంది ఫోన్లోంచి మొన్జియా. "దిగక్కర్లేదు! చేతికే ఇస్తాను!"

దలందా పళ్ళెంలో మిగిలిన నూనెని రొట్టె ముక్కతో తుడిచి తింది. చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చుంది. ఆమె గొంతు పెంచలేదు. అయినా ఒక్కొక్కరూ మాట ఆపారు.

"పండగ ముందు రోజు వ్యాను నా వెనక రాదు," అంది. "ముందు వెళ్తుంది. మీరందరూ అందులో వెళ్ళండి. వదినని దారిలో ఎక్కించుకోండి. అక్క వాళ్ళ గుమ్మంలో కూర్చుని ఉండండి. ఎదురింటి ఆవిడ అడిగితే, దలందాని తేలేదని చెప్పండి. సాయంత్రం లోపల నేను వస్తాను."